మోచేతుల దాకా ముత్తైదువ

మేడ్చల్ వైపు ఎందుకు వెళ్ళావని అడిగిన వాళ్ళందరికీ పెళ్ళికని చెప్పాను. ఎవరి పెళ్ళి అని ఎవరూ అడగలేదు. నా వయసు ఆడది పెళ్ళికి వెళ్ళొస్తే అక్కడ ఏం చేశావని కూడా అడగరు. అడగరు కాబట్టే రాస్తున్నాను.

అది అసలు పెళ్ళి కాదు, వెండి సామాన్ల దుకాణం వాళ్ళ ప్రకటన. మనం టీవీ ముందు కూర్చుని, అది రాగానే లేచి కుక్కర్ కట్టేయడానికి వెళ్తామే, అలాంటిది. మా తమ్ముడి కొడుకు కిరణ్ హైదరాబాదులో ఇలాంటివి తీస్తాడు. "అత్తా, పెళ్ళి తంతు మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. పంతులు వేషం వేసేవాడికి అసలే తెలీదు. నువ్వొచ్చి పక్కన కూర్చుని తప్పులు చెప్పు చాలు" అని ఫోన్ చేశాడు. ఉద్యోగమంతా తప్పులు దిద్దిన తెలుగు టీచర్ని, ఆ పిలుపు ఎలా కాదంటాను?

ఇంకో సంగతి మొదటే చెప్పేస్తే మీకు తికమక ఉండదు. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఒక్కగానొక్క కూతురు శ్రావణి పెళ్ళికి కిరణ్ అమ్మానాన్నలే, అంటే మా తమ్ముడూ మరదలూ, పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. మా వైపు ఆచారం అంతే. నేను కూర్చుంటానని అడగలేదు, కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. శ్రావణి ఇప్పుడు పుణేలో ఉంటోంది, ఆదివారం పూట ఫోన్ చేస్తుంది. మిగతా వారమంతా బాపట్లలో నేనూ, మా పెరట్లో నందివర్ధనం చెట్టూ.

పేట్ బషీరాబాద్, దిగకూడని చోట

బస్సులో పక్కనావిడ "ఇదేనమ్మా" అంటే నమ్మి దిగిపోయాను. ఆవిడ తన స్టాపు సంగతి చెప్పుకుందట. హైవే మీద లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి, చేతిలో సంచీ, ఎండ. కిరణ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పుడొక ఆటో వచ్చి ఆగింది.

"ఏడికి పోవాలె అమ్మా?"

మేడ్చల్ అన్నాను. "గింత ముందుగాల్నే దిగిన్రేంది? పరేషాన్ గాకుండ్రి, కూసోండ్రి" అన్నాడు. పేరు సాయిలు. దారి పొడుగునా రోడ్డు పక్కన ఒకప్పుడు ఏముండేదో చెప్తూనే ఉన్నాడు. ఇక్కడ ద్రాక్ష తోట, అక్కడ ద్రాక్ష తోట. నాకు కనిపించినవన్నీ గోడౌన్లూ, ప్లాట్ల హద్దురాళ్ళూ. "తోటలన్ని పీకేసిన్రు. ఇప్పుడు ద్రాక్షలు మేం గూడ కొనుక్కునే తింటం" అని నవ్వాడు.

మేడ్చల్

కిరణ్ నాకు బజారు దగ్గర ఒక మేడగది చూపించాడు. వాళ్ళ కుర్రకారంతా వేరేచోట ఉన్నారు. పెద్దదాన్ని, అల్లరిలో నిద్ర పట్టదని నన్ను విడిగా ఉంచాడట. బాపట్లలో అల్లరి లేకుండానే నాకు నిద్ర పట్టదని వాడికెవరు చెప్తారు?

కింద మెస్సులో భోజనం యాభై రూపాయలు. అన్నం మావైపులాగే కొండలా పెట్టారు గానీ చారు లేదు, పచ్చిపులుసు పోశారు. కాచకుండా చింతపండు పిసికి, ఉల్లిపాయ వేసి, పైన తాలింపు. మా ఇంట్లో ఎవరికైనా అలా పెడితే పొయ్యి మీద పెట్టడం మర్చిపోయావా అని అడుగుతారు. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను. అవి తెలంగాణ ఉద్యమం రోజులు, ఊళ్ళో గోడల నిండా రాతలు. నా మాట వినగానే మెస్సాయన "ఆంధ్రోళ్ళా?" అన్నాడు. ముద్ద చేతిలోనే ఆగింది. "ఔ మరి, కారం జర ఎక్కువ తింటరు" అని గోంగూర పచ్చడి తెచ్చి ఆకులో వేశాడు. తర్వాత, "ఒక్కరేనా అమ్మా, ఇంకెవరన్న వస్తరా?" అని అడిగాడు. రారు అన్నాక నా ఎదురు కుర్చీ పక్క బల్లకి తీసుకుపోయాడు.

గుండ్లపోచంపల్లి, గోడౌన్లో పెళ్ళి

మర్నాడు సాయిలు ఆటోలోనే వెళ్ళాను. కిరణ్ అతన్నే మా కోసం మాట్లాడి పెట్టాడు. బయట చూస్తే రేకుల గోడౌను, పక్క గోడౌనుకి అట్టపెట్టెలు దిగుతున్నాయి. తలుపు తోసుకుని లోపలికెళ్తే పెళ్ళిపందిరి. స్తంభాలు థర్మోకోల్, వాటికి బంగారు రంగు. కెమెరాకి దగ్గరున్న మామిడాకులు నిజమైనవి, వెనకవన్నీ ప్లాస్టిక్‌వి. విస్తట్లో అన్నానికి పొద్దున్నే నూనె పూసి తళతళలాడించారు. ఆ అన్నం మీద పొగలు రావాలని విస్తరి వెనక అగరొత్తుల కట్ట వెలిగించి దాచారు. నేతి గిన్నెలో తేనె. నెయ్యయితే ఏసీ చలికి పేరుకుంటుందట. ఆకలి పుట్టించే ఆ విస్తరిని ఈగలు కూడా ముట్టలేదు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది వెండి. పళ్ళేలూ, చెంబులూ, కుందులూ దుకాణం నుంచి వచ్చిన అసలు వెండివే. వాటితో వచ్చిన కాపలాయన టీ తాగేటప్పుడు కూడా అటువైపే తిరిగి తాగాడు. అయితే కెమెరా ముందు పెట్టేముందు వాటి మీద మందేదో చిమ్మి మెరుపు చంపేస్తారు. "మరీ మెరిస్తే తెల్లటి మచ్చలా పడుతుంది అత్తా" అన్నాడు కిరణ్. వెండి వెండిలా కనబడాలంటే ముందు మసకబారాలట.

నా ఉద్యోగం నేనూ చేశాను. అక్షింతల పళ్ళెంలో ఉత్త తెల్లబియ్యం పోశారు. పసుపు కలపని అక్షింతలు పెళ్ళిలో వేస్తారా ఎక్కడైనా? కేకలేసి కలిపించాను. పంతులు వేషం ఆయన జంధ్యం కుడి భుజం మీద వేసుకున్నాడు, మార్పించాను. "టీచరమ్మ వచ్చింది, సర్దుకోండిరోయ్" అని కుర్రాళ్ళు నవ్వుకుంటుంటే నాకు బాగానే ఉంది. ఆ కాసేపూ ఇంటి దగ్గర తాళం వేసొచ్చిన సంగతే గుర్తు రాలేదు.

మధ్యాహ్నం తకరారు వచ్చింది. ప్రకటనలో గుండెకాయలాంటి ముక్క కన్యాదానం. తండ్రి పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతుంటే తల్లి వెండిచెంబుతో నీళ్ళు పోయాలి. తెర నిండా ఆ చెంబు, ఆ ధార, ఆ చేతులు. తల్లి వేషానికొచ్చిన అరుణగారికి పొడుగాటి గోళ్ళు అతికించి ఉన్నాయి. ఆ వారంలోనే ఆవిడకి సబ్బు ప్రకటన ఉంది, తీయడానికి వీల్లేదు. కిరణ్ తల పట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "అత్తా, ఒకసారి చేతులు చూపించు" అన్నాడు.

చూపించాను. కత్తిరించిన గోళ్ళు, అంట్లు తోమిన వేళ్ళు. "ఇవే! అమ్మ చేతులంటే ఇవే" అని అరిచాడు.

నేను వాడి మొహంలోకి చూశాను. ఇప్పుడు గుర్తొస్తుంది, ఇప్పుడు నాలిక కరుచుకుంటాడు అనుకున్నాను. వాడికి గుర్తు రాలేదు. వాడి కళ్ళకి చేతులే కనిపించాయి. నేను గుర్తు చేయొచ్చు. చేయలేదు. నిజం చెప్పొద్దూ, ఎవరైనా అడ్డు చెప్తారేమోనని నాకు భయం వేసింది. ఆ నీళ్ళు ఒక్కసారి పోయాలని నాకు అంత ఉందని నాకే అప్పటిదాకా తెలీదు.

అరుణగారు నా పక్కన కూర్చుని, "మొహం నాది, చేతులు మీవి, గొంతు ఇంకొకావిడది. ముగ్గురం కలిస్తే ఒక అమ్మ" అంది. మంచి మనిషి. మొహం నాది కాకపోవడమే మేలయింది. మోచేతుల దాకా నేను ముత్తైదువని. ఆ పైన సంగతి కెమెరాకి పట్టదు.

మళ్ళీ మేడ్చల్, గాజుల కొట్టు

చేతులకి మట్టిగాజులు కావాలి. కాస్ట్యూమ్ పిల్ల తెచ్చిన డబ్బాలో ఒక్కటీ నాకు పట్టలేదు. సాయిలు బజారులో షరీఫా బీ కొట్టుకి తీసుకెళ్ళాడు. ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని మెటికలు నొక్కింది.

"చెయ్యి గట్టిగ వెట్టకుండ్రమ్మా, జర ఇడువుండ్రి. మస్తు దినాలాయె గదా గాజులేసుకోక?"

"ఉద్యోగంలో ఉండి వేసుకోలేదు" అన్నాను. ఆకుపచ్చవి తొడిగింది. ఒక్కొక్కటి మెటిక దాటుతుంటే నొప్పి పుట్టింది. చివర్లో చేతికి ఒక్కొక్కటి ఎక్కువ వేసి, "గిది లెక్కల లేదు, నా దువా. మీ సారు సల్లగుండాలె" అంది. తల ఊపాను. డబ్బులు తర్వాత కంపెనీ వాళ్ళ దగ్గర తీసుకుంటానని సాయిలే ఇచ్చాడు.

ఆటోలో గాజులు గలగలమంటుంటే నాకు సిగ్గేసింది. కొంగు చేతుల మీదికి లాక్కున్నాను. గదికి వెళ్ళాక తలుపు వేసుకుని, ఆ చప్పుడు కోసమే చీర మడతపెట్టి విప్పి మళ్ళీ మడతపెట్టాను.

షామీర్‌పేట

ఈ కన్యాదానం ముక్క మాత్రం గోడౌన్లో కాకుండా షామీర్‌పేట చెరువు పక్కనున్న ఒక తోట ఇంట్లో తీశారు. నిజమైన ఎండ కావాలట. ఆ వెలుతురు కోసం ఇంటి బయట తెల్లగుడ్డలు కట్టి, ఎండని ఆపి, మళ్ళీ అద్దాలతో లోపలికి పంపారు. చుట్టాలుగా కూర్చోవడానికి దగ్గర ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని పిలిచారు. పట్టుచీరలు కట్టుకుని, సద్ది కట్టుకుని వచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక గుడ్డసంచీ ఉంది. అందులో ఏముందో అప్పుడు పట్టించుకోలేదు.

పెళ్ళికొడుకు వేషం అబ్బాయి విమానానికి టైమైందని వెళ్ళిపోయాడు. కాళ్ళే కదా కావలసింది, సాయిలుని కూర్చోబెట్టారు. మడమల పగుళ్ళకి మైనం పూసి, పౌడరు అద్ది, పారాణి పెట్టారు. సాయిలు మొహంలో చెమటలు.

"నా కాళ్ళ మీద మీరు నీళ్ళు వోసుడేందమ్మా? పాపం తగుల్తది."

"నీ కాళ్ళు కావులే, పెళ్ళికొడుకువి" అన్నాను.

"గట్లయితే వెండి పళ్ళెం గూడ నాదేనా?" అన్నాడు. కాపలాయన తప్ప అందరూ నవ్వారు.

నీళ్ళు పోయడం అంత తేలికనుకున్నాను. ఉత్త నీళ్ళు కెమెరాకి కనపడవట, కాసిన్ని పాలు కలిపారు. ధార సన్నగా తెగకుండా పడాలి. గాజులు మణికట్టు మీదే ఉండాలి, జారకూడదు. నేను పోయడం, కిరణ్ "ఇంకోసారి అత్తా" అనడం. మళ్ళీ పోయడం, మళ్ళీ ఇంకోసారి. కుర్రాళ్ళు విసుక్కున్నారు. పళ్ళెంలో కాళ్ళు నానిపోయి సాయిలు మూలిగాడు. నాకు మాత్రం విసుగు రాలేదు. వంచిన ప్రతిసారీ మా వారి గోత్రం చెప్పుకున్నాను, మా వారి పేరు చెప్పుకున్నాను, శ్రావణి పేరు చెప్పుకున్నాను. పెదాలు కదిలినా ఫరవాలేదు, మొహం కెమెరాలో లేదు. ఏదో ఒకసారికి కిరణ్ "ఓకే" అన్నాడు. చెంబు వెంటనే కాపలాయన పట్టుకుపోయాడు. నా చేతులు కాసేపు అలా గాల్లోనే ఉన్నాయి.

అన్నాల దగ్గర ఆ సంచీలు విప్పారు. బియ్యం, పసుపు, కుడకలనే ఎండుకొబ్బరి చిప్పలు, వక్కలు. ముందు నిలబడ్డ బాలమణి అనే ఆవిడ బియ్యానికి పసుపు పట్టిస్తూ, పెళ్ళికూతురి వేషంలో ఉన్న పిల్లని పీట మీద కూర్చోమంది. ఇక్కడ ఆడపిల్లకి ఒడిబియ్యం పోస్తారు. మావైపు లేని పద్ధతి. దోసిళ్ళతో బియ్యం ఒళ్ళో పోసి, పుట్టింటి చలవ ఎప్పుడూ ఉండాలని దీవిస్తారు. కిరణ్ కంగారుగా వచ్చి, ఇది ఉత్త ప్రకటననీ, షాట్ అయిపోయిందనీ చెప్పబోయాడు.

"మాకు ఎర్కనే సారు" అంది బాలమణి. "టీవీల పెండ్లి. అయినా పీట మీద కూసున్నది ఆడివిల్లనే గదా. ఒట్టి ఒడితోని ఎట్ల పంపుతం?"

ఆ పిల్ల పేరు రోజీ, గాజులరామారం నుంచి వచ్చింది. "నాకింక పెండ్లే గాలేదమ్మా. మేం చర్చికి పోయేటోళ్ళం" అని నవ్వింది.

"పోతే పో. ఒడి వట్టు."

రోజీ కొంగు పట్టింది. ఆడవాళ్ళంతా వరసగా వచ్చి పోశారు. తర్వాత అరుణగారికి పోశారు, కాస్ట్యూమ్ పిల్లకీ పోశారు. ఇక బాలమణి నా చెయ్యి పట్టుకుంది. "కూసోండ్రమ్మా. నీళ్ళు వోసిన తల్లివి నువ్వే గదా!"

నా నుదుట ఎప్పుడూ పెట్టుకునే చిన్న స్టిక్కరుంది, చేతినిండా గాజులున్నాయి. ఆమె తప్పేముంది? నేను కూర్చున్నాను. కొంగు కూడా పరిచాను. ఆమె దోసిలి నా ఒడి మీదికి వచ్చింది, బియ్యంలోంచి పసుపు వాసన వేసింది. కెమెరా ఎప్పుడో ఆపేశారు. ఇది నాటకం కాదు. ఆ బియ్యం ఆమె తన ఇంట్లో చెరిగి తెచ్చుకున్నది.

"మా ఆయన లేరమ్మా" అన్నాను.

దోసిలి ఆగింది. ఒక్క గింజ కూడా జారలేదు. "అయ్యో, ఎర్క లేదు తల్లి. గాజులు జూసి..."

"ఇవి షూటింగు కోసం."

ఆమె బియ్యం జాగ్రత్తగా సంచీలో పోసుకుని, నా చెయ్యి ముట్టుకుని కళ్ళకద్దుకుంది. "తప్పుగ అనుకోకుండ్రి. షూటింగు షూటింగే. గివి మాత్రం మా ఇంటి బియ్యం" అంది. నిష్ఠూరంగా అనలేదు. అందుకే నాకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది. రోజీ ఒడి నిండా బియ్యంతో నావైపు చూసి చటుక్కున తల తిప్పుకుంది.

గోడ వారన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఎల్లమ్మ అట. ఆమె బియ్యం పోయడానికి లేవలేదని అప్పుడు గమనించాను. ఆమె చేతులు బోసిగా ఉన్నాయి. "ఇట్ల రా బిడ్డా, నా పక్కకు కూసో" అని చాప మీద జాగా ఇచ్చింది. వెళ్ళి కూర్చున్నాను. ప్రేమగానే పిలిచింది. కానీ నా జాగా ఎక్కడో ఇంత దూరం వచ్చినా తెలిసిపోయింది.

"ఇంటికి వోయినంక ఎవరుంటరు నీకు?"

"ఎవరూ ఉండరు."

"నాకు గంతే. టీవీ ఉంటది. గది గూడ కరెంటు ఉంటేనే." తను తెచ్చుకున్న జొన్నరొట్టె తుంచి సగం నాకు పెట్టింది. ఎండుమిర్చి కారం, నువ్వుల పొడి. ఇద్దరం తిన్నాం.

సాయంత్రం వాళ్ళు సామాను సర్దుకుంటుంటే చెరువు గట్టు మీద కాసేపు నిలబడ్డాను. హైదరాబాదు నుంచి వచ్చిన జంటలు, వేయించిన చేపల వాసన, ఫొటోలు. ఒక కుర్ర జంట ఫోన్ నా చేతికిచ్చి తమని ఫొటో తీయమన్నారు. తీశాను. మీరు కూడా నిలబడండి అని ఎవరూ అనలేదు, ఎందుకంటారు?

తిరిగి బాపట్ల

గాజులు బిగుసుకుపోయాయి. కాస్ట్యూమ్ పిల్ల "టక్కున పగలగొట్టేద్దాం ఆంటీ, ఒక్క నిమిషం" అంది. వద్దన్నాను, అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. పాపం, ఆ పిల్లకేం తెలుసు. వాటితోనే రైలెక్కాను. రైల్లో పక్కనావిడ దిగేటప్పుడు కుంకుమ భరిణ నావైపు చాపింది. నిద్ర నటించాను. ఇంటికొచ్చి సబ్బు నురగతో ఒక్కొక్కటే తీసుకున్నాను. వెనకటిసారి ఆ పని పదిమంది కలిసి చేశారు, ఈసారి నేనే చేసుకున్నాను.

కొన్ని వారాలకి ప్రకటన వచ్చింది. అరుణగారి మొహం, ఎవరిదో తీయటి గొంతు, రోజీ నవ్వు. మధ్యలో తెర నిండా వెండిచెంబు, సన్నటి ధార, ఆకుపచ్చ గాజుల చేతులు. రెప్ప వేస్తే పోయేంత. నేను ఎవరికీ చెప్పలేదు. కిరణ్ కూడా ఇంట్లో చెప్పినట్టు లేడు.

ఆదివారం కాని రోజున శ్రావణి ఫోన్ చేసింది.

"అమ్మా, టీవీలో ఆ నీళ్ళు పోసింది నువ్వేగా?"

కాదందామనుకున్నాను. "ఎలా తెలిసింది?"

"నీ చేతులు నాకు తెలీవా?"

అంటూనే ఏడ్చేసింది. "నా పెళ్ళి ఆల్బం తీసి చూశానమ్మా. మొత్తం చూశాను. కన్యాదానం దగ్గర ఒక్క ఫొటోలో కూడా నువ్వు లేవు. నేను నీకోసం చూశానా అప్పుడు? తలెత్తి ఒక్కసారైనా చూశానా?"

"చూశావమ్మా, నన్ను చూసి నవ్వావు కూడా" అన్నాను.

అటువైపు ఏడుపు కాస్త తగ్గింది. ఆ పెళ్ళి రోజు నేనున్న చోటికి అసలు ఆ పీటలే కనపడలేదు.